ముందు ఒక తలుపు చేసి చూడండి

నేను మొదలుపెట్టిన మొదటి గేమ్‌లో ప్రపంచమంతా ఒక పాడుబడ్డ కోట. పెద్దదేం కాదు. ఒక సింహద్వారం, రెండు బురుజులు, లోపల ఖాళీ స్థలం, దాని చుట్టూ ఏడెనిమిది గదులు. రెండు వారాల పని అనుకున్నాను. ఈ త్రీడీ ఆకారాలు ఏ మోడలింగ్ సాఫ్ట్‌వేర్‌తో చేయాలని వాకబు చేస్తే దాదాపు అందరూ ఒకే మాట అన్నారు: కొత్తవాడివి కదా, సులువుగా ఉండేది పట్టుకో. పట్టుకున్నాను. దాని పేరు ఎందుకులెండి, తప్పు నాదే. నేల మీద నలుచదరం గీసి పైకి లాగితే గోడ లేచింది. గోడ మీద ఇంకో నలుచదరం గీసి లోపలికి నొక్కితే కిటికీ పడింది. గంటన్నరలో సింహద్వారం తయారు. ఆ సంబరంలో రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు.

మర్నాడు దాన్ని గేమ్ ఇంజిన్‌లోకి, అంటే ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చి, ప్లే నొక్కి, ద్వారం వైపు నడిచాను. బయటి నుంచి దివ్యంగా ఉంది. లోపలికి వెళ్లి వెనక్కి తిరిగితే గోడ లేదు, దాని చోట ఆకాశం కనిపిస్తోంది. ఎడమ బురుజు సగమే ఉంది. తలుపు తెరిచే మీట నొక్కితే, అది ఒక పక్కకి తెరుచుకోవాల్సింది పోయి, నడుముకి మేకు కొట్టినట్టు ఉన్నచోటే గిర్రున తిరిగింది. ఇక ఆ గుమ్మం ముందు నా ఆటగాడు చీమంత ఉన్నాడు.

ఒక్కోదానికీ కారణం తెలుసుకునేసరికి వారం గడిచింది. మోడల్‌లో ప్రతి ముఖానికీ, అంటే చదునైన ప్రతి పలకకీ, ఒక ముందువైపు, ఒక వెనకవైపు ఉంటాయి. ఇంజిన్ మామూలుగా ముందువైపు మాత్రమే గీస్తుంది, వెనకది గీయడం దండగని వదిలేస్తుంది. నేను వాడిన సాఫ్ట్‌వేర్ రెండువైపులా చూపించేది కాబట్టి, సగం ముఖాలు తిరగబడి ఉన్నాయన్న సంగతి నా కంటికి ఆనలేదు. తలుపు తిరిగే కేంద్రం, అంటే పివట్, బందుల దగ్గర ఉండాల్సింది నడిమధ్యలో ఉండిపోయింది. సైజు సంగతి మరీ చిత్రం. నేను అక్కడ అంగుళాల్లో గీశాను. ఇంజిన్ ఒక యూనిట్‌ని ఒక మీటర్‌గా చదువుకుంది. కోట దాదాపు 39 రెట్లు పెరిగి కూర్చుంది.

గోడ లేపడం నాకు వచ్చు, కిటికీ పెట్టడం వచ్చు. నాకు రానిదల్లా ఆ గోడని తీసుకెళ్లి ఇంకోచోట నిలబెట్టడం. నేను ఎంచుకున్న సులువైన సాఫ్ట్‌వేర్ ఆ విషయంలో నాకు ఏమీ నేర్పలేదు. మొదటి గంట ఎంత హాయిగా గడిచిందో చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటే, గేమ్ ప్రపంచం కట్టేవాళ్లకి మిగిలేది నష్టమే అని అప్పటినుంచీ వాదిస్తూనే ఉన్నాను.

ఒక బొమ్మ చేయడం వేరు, ఊరు కట్టడం వేరు. కుర్చీ ఒకటి చేసి, వెలుగులు పెట్టి, ఫోటో లాంటి చిత్రం తీసుకుని దాచుకుంటే ఆ పని అక్కడితో అయిపోతుంది. గేమ్‌లో కుర్చీ చేశాక అసలు కథ మొదలవుతుంది. ఆటగాడు దాన్ని ఢీకొంటాడు, ఎక్కుతాడు, వెనక నక్కుతాడు. గది ఇరుకైందని గోడ జరుపుతారు. గోడ జరిగితే కిటికీ జరగాలి, కిటికీ జరిగితే దాని మీద పడే వెలుగు మారుతుంది. మోడలింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇంజిన్‌కి, ఇంజిన్ నుంచి మళ్లీ వెనక్కి. నా సింహద్వారం ఒక్కటే నలభైసార్లకి పైగా అటూ ఇటూ తిరిగింది. ఒక్కో ప్రయాణానికి పది నిమిషాలు పడితే మనిషి నాలుగోసారికే "ఇలాగే ఉండనీ" అంటాడు. ఆ "ఉండనీ"లు పోగైతే ప్రపంచం అతుకుల బొంతలా తయారవుతుంది.

ఇక "వివరంగా ఉండే ప్రపంచం" అన్న మాట దగ్గర కొత్తవాళ్లం అందరం ఒకే గోతిలో పడతాం. వివరం అంటే పాలిగన్లు (ఆకారాన్ని కట్టే చిన్న చిన్న ముఖాలు) అనుకుంటాం. నేను కోట గోడలకి వేలాడే లాంతరు ఒకటి చేశాను. మూతకి నగిషీలు, పట్టీలకి రివెట్లు, అద్దం అంచుకి ఒంపు, గొలుసులో ప్రతి కడియం గుండ్రంగా. అయ్యేసరికి 40,000 ట్రయాంగిల్స్ (మూడు మూలల పాలిగన్లు). కోట మొత్తం మీద 60 లాంతర్లు పెట్టాను, అంటే 24 లక్షలు. ఆటలో ఆ లాంతరు తలకి రెండు మీటర్ల ఎత్తున, చీకట్లో, బొటనవేలంత కనిపిస్తుంది. నేను చెక్కిన రివెట్లు నాకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

అంతకన్నా పెద్ద తప్పు టెక్స్చర్‌ది, అంటే ఆకారం మీద అతికించే బొమ్మది. అర మీటర్ లాంతరుకి 4096 పిక్సెళ్ల టెక్స్చర్ వేశాను. పక్కనే ఉన్న గోడకి మీటర్‌కి 512 పిక్సెళ్లే దక్కాయి. లాంతరు అద్దంలా తళతళలాడుతుంటే దాని వెనక గోడ కళ్లజోడు తీసేసి చూసినట్టు మసకగా ఉంది. రెండూ విడివిడిగా బాగానే ఉన్నాయి, పక్కపక్కన పెడితే రెండూ అబద్ధంలా కనిపించాయి. పైగా 4096 చొప్పున చదరంగా ఉండే ఒక్క రంగుల టెక్స్చర్, కుదించకుండా ఉంచితే, మెమరీలో 64 ఎంబీ తింటుంది. ఒక లాంతరు కోసం.

కంటికి వివరంగా అనిపించేది ఎక్కువగా పొందిక వల్ల. అన్ని వస్తువుల మీదా పిక్సెళ్ల సాంద్రత దాదాపు ఒకేలా ఉండటం, గోడ అంచులు కాస్త అరిగి ఉండటం, నేల కలిసే చోట మురికి పట్టడం, ఒకే రకం రాయి ద్వారానికీ మెట్లకీ వాడటం. దీన్ని సాధించేది కిట్ పద్ధతి. మూడు మీటర్ల గోడ ముక్క, దాని సగం ముక్క, మూల, కిటికీ ఉన్న ముక్క, గుమ్మం ఉన్న ముక్క, మెట్లు, పైకప్పు. ఇరవై ముప్పై ముక్కలతో కోటంతా కట్టొచ్చు. పెద్ద స్టూడియోలు కూడా విశాలమైన ప్రపంచాలని ఇలాగే కడతాయి. ముక్క మారిస్తే అది ఉన్న ప్రతిచోటా మారుతుంది. ఒకే మెష్ (పాలిగన్లతో అల్లిన ఆకారం) వందసార్లు వాడితే ఇంజిన్‌కీ బరువు తక్కువ.

ఇందులో చిక్కు ఒకటే. కిట్ ముక్కలు గ్రిడ్‌కి కచ్చితంగా కూర్చోవాలి. నా గోడ ముక్క వెడల్పు 3 మీటర్లు ఉండాల్సింది, ఎక్కడో చేయి జారి 2.98 అయింది. రెండు సెంటీమీటర్లే కదా అనుకున్నాను. పక్కపక్కన పేర్చాక ప్రతి అతుకు దగ్గరా సన్నటి వెలుగు గీత. సూర్యుడు గోడ వెనక్కి వెళ్లినప్పుడు కోటంతా జల్లెడలా మెరిసింది. అందుకని నేను ఏ సాఫ్ట్‌వేర్‌నైనా మొదట అడిగే ప్రశ్న ఇదే: ఈ ముక్కని సరిగ్గా 3 మీటర్లు చేసి, దాని మూలని సరిగ్గా సున్నా దగ్గర పెట్టగలనా? అంకె టైప్ చేసే చోటు ఉందా, లేక కంటితో అంచనా వేసి లాగాలా?

ఇప్పుడు పేర్లలోకి వస్తాను.

బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ కష్టం అన్న మాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఒకప్పుడు నిజమే. ఎంచుకోవడానికే కుడి క్లిక్ వాడాల్సిన రోజులు అవి, కొత్తవాళ్లు ఐదు నిమిషాల్లో పారిపోయేవాళ్లు. 2019 జూలైలో వచ్చిన 2.80 వెర్షన్‌తో ఆ రూపం మారిపోయింది, ఎడమ క్లిక్ మామూలైంది. దాని పుట్టుక కూడా ముచ్చటైనదే. నెదర్లాండ్స్‌లో టోన్ రోసెండాల్ దీన్ని 1990ల్లో ఒక యానిమేషన్ స్టూడియో సొంత అవసరానికి మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని అమ్మడానికి పెట్టిన కంపెనీ మూతపడితే, 2002లో వాడుకరుల నుంచి ఏడు వారాల్లో 1,00,000 యూరోలు పోగుచేసి, హక్కులు విడిపించి, కోడ్ అందరికీ తెరిచేశారు. నవ్విన నాపచేనే పండింది.

అయినా బ్లెండర్ తెరిస్తే వందల బటన్లు. కళ్లు తిరుగుతాయి. అందులో కోట కట్టడానికి కావలసినవి పదిహేను కూడా ఉండవు. జరపడానికి జి కీ, తిప్పడానికి ఆర్, పెంచడానికి ఎస్, ముఖాన్ని లాగడానికి ఈ. మధ్యలో కోత పెట్టడానికి కంట్రోల్ ఆర్, అంచు మొద్దుచేయడానికి కంట్రోల్ బి. జి నొక్కి, ఎక్స్ నొక్కి, 3 కొడితే వస్తువు ఆ దిశలో సరిగ్గా 3 మీటర్లు జరుగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే నా 2.98 గోడ పుట్టేదే కాదు. ఫేస్ ఓరియెంటేషన్ అని ఒక టిక్ ఉంటుంది. పెడితే తిరగబడ్డ ముఖాలు ఎర్రగా కనిపిస్తాయి. నా మాయమైన గోడ రహస్యం అక్కడ ఒక్క చూపులో తేలిపోయేది. ఆల్ట్ డి కొట్టి కాపీ తీస్తే రెండూ ఒకే మెష్‌ని పంచుకుంటాయి, ఒకటి సరిచేస్తే రెండోదీ సరవుతుంది. కిట్ పనికి ఇది ప్రాణం.

బ్లెండర్ నేర్చుకునే పద్ధతి మీద మాత్రం నాకు కోపం ఉంది. చాలామంది డోనట్ బొమ్మ ఒకటి చేసే పాఠంతో మొదలుపెడతారు. మంచి పాఠమే, కాదనను. కానీ అది ఒక అందమైన చిత్రం తీయడం నేర్పే దారి. మెరుపులు, రెండరింగ్, కెమెరా లెన్స్. గేమ్‌కి కావలసిన యూవీ విప్పడం (టెక్స్చర్ అతకడానికి ఆకారాన్ని చదునుగా పరచడం), పివట్ కుదర్చడం, స్కేల్ అప్లై చేయడం (మార్చిన సైజుని అసలు సైజుగా ఖాయం చేయడం) అందులో పక్కకి పోతాయి. డోనట్ చేసినవాళ్లు గోడ చేయలేక బ్లెండర్‌ని తిట్టుకోవడం నేను చూశాను. మొదటి పాఠం ఒక పెట్టె అయితే చాలు. పెట్టె, దానికో మూత, మూత తెరుచుకోవాలి.

స్కెచప్ ఈ చర్చలో తప్పకుండా వస్తుంది. 2000లో వచ్చింది, 2006లో గూగుల్ చేతికి, 2012లో ట్రింబుల్ చేతికి వెళ్లింది. ముఖాన్ని పట్టుకుని లాగే పద్ధతికి పేరు తెచ్చింది అదే. భవనం ఊహ మనసులో ఉండగానే ఆకారంలో పెట్టడానికి అంత వేగమైనది నాకు ఇంకోటి తెలియదు. అది ఆర్కిటెక్టుల కోసం పుట్టింది. కట్టబోయే ఇంటిని ఎదుటివాడికి చూపించడం దాని లక్ష్యం, అందుకే ముఖం ముందుదా వెనకదా అన్నది అక్కడ పెద్ద పట్టింపు కాదు. తెల్లగా ఉంటే ముందు, నీలిబూడిద రంగులో ఉంటే వెనక. అంత తేడా కూడా రంగులు వేశాక కనిపించదు. యూవీ పనికి ప్లగిన్లు వెతుక్కోవాలి. ఉచిత వెబ్ వెర్షన్ సొంత వాడకానికే, అమ్మే గేమ్‌కి పనికిరాదు. కొలతలు కుదుర్చుకోవడానికి, గదుల అమరిక తేల్చుకోవడానికి వాడండి. చివరి మెష్ అక్కడి నుంచి తేవద్దు.

అసలు ఆ అమరిక పనికి బయట సాఫ్ట్‌వేర్ ఎందుకు అని నా ప్రశ్న. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. యూనిటీ, గొడోట్, అన్‌రియల్ అన్నీ గేమ్ ఇంజిన్లే, వాటి లోపలే ఆకారాలు కట్టొచ్చు. యూనిటీ వాడేవాళ్లకి ప్రోబిల్డర్ అనే పనిముట్టు ఉంది. 2018లో యూనిటీయే కొనేసి తనలో కలుపుకుంది. గొడోట్‌లో సీఎస్‌జీ నోడ్లు ఉన్నాయి. ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెని తీసేస్తే గుమ్మం పడుతుంది. అన్‌రియల్ 5లో మోడలింగ్ మోడ్ అని ఒక విభాగమే ఉంది. వీటితో నున్నటి బూడిదరంగు పెట్టెల కోట కట్టి, అందులో నడిచి చూడొచ్చు. ఎగుమతి లేదు, దిగుమతి లేదు, యూనిట్ల గొడవ లేదు. గుమ్మం ఎత్తు చాలడం లేదా? అక్కడికక్కడే లాగండి. ఒక తమాషా ఏమిటంటే, మామూలు ఇంటి తలుపు కొలతే పెడితే ఆటలో ఇరుగ్గా అనిపిస్తుంది, ముఖ్యంగా కెమెరా ఆటగాడి వెనక ఉన్నప్పుడు. నడిచి చూస్తే తప్ప ఇది బోధపడదు. నా సింహద్వారం చివరికి 4 మీటర్ల వెడల్పు దగ్గర ఆగింది. అది ఏ పుస్తకంలోనూ దొరికిన అంకె కాదు, పదేపదే నడవగా నడవగా తేలింది.

ఈ బూడిదరంగు దశ దాటకుండానే చెక్కుడు సాఫ్ట్‌వేర్ కొనేవాళ్లని చూస్తే "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం" గుర్తొస్తుంది. జీబ్రష్ అద్భుతమైన పనిముట్టు, మట్టి పిసికినట్టు ముఖం చెక్కొచ్చు. కానీ దానితో చెక్కిన లక్షల పాలిగన్ల రాయిని నేరుగా గేమ్‌లో పెట్టరు. తేలికైన మెష్ ఇంకోటి చేసి, దాని మీదకి వివరాలని నార్మల్ మ్యాప్‌గా, అంటే ఎత్తుపల్లాలు ఉన్నట్టు భ్రమ కలిగించే టెక్స్చర్‌గా దించాలి. ఆ రెండో భాగం రాకపోతే మొదటి భాగం ఎంత వచ్చినా హార్డ్‌డిస్క్‌లోనే ఉండిపోతుంది. "అన్‌రియల్‌లో నానైట్ వచ్చాక పాలిగన్ల లెక్క ఎవరిక్కావాలి" అని ఒక స్నేహితుడు నాతో వాదిస్తాడు. నానైట్ అంటే లక్షల పాలిగన్లని ఇంజినే సర్దుకునే ఏర్పాటు. కొంత నిజం ఉంది, ఆ ఇంజిన్‌లో ఉన్నవాళ్లకి గట్టి ఉపశమనమే. కానీ ఫైళ్ల బరువు, యూవీలు, టెక్స్చర్ మెమరీ ఎక్కడికీ పోలేదు. పైగా రేపు ఇంజిన్ మార్చాలనుకుంటే ఆ రాళ్లన్నీ మోసుకుని ఎక్కడికి వెళ్తారు?

మాయా, త్రీడీఎస్ మ్యాక్స్ గురించి ఎక్కువ చెప్పను. స్టూడియోలో ఉద్యోగం లక్ష్యమైతే వాళ్లు అడిగేది నేర్చుకోండి, విద్యార్థులకి ఉచితంగానే ఇస్తారు. సొంత గేమ్‌కి అవసరం లేదు.

అందరూ చిన్నచూపు చూసేవి, నేను గట్టిగా వెనకేసుకొచ్చేవి మూడున్నాయి. మ్యాజికావాక్సెల్‌లో ఘనాలు పేర్చుకుంటూ పోవడమే. బ్లాక్‌బెంచ్ మైన్‌క్రాఫ్ట్ తరహా మోడల్స్ కోసం వాడేది, ఆకారమూ దాని మీది పిక్సెల్ రంగులూ ఒకేచోట వేయొచ్చు. ట్రెంచ్‌బ్రూమ్ 1996 నాటి క్వేక్ అనే గేమ్‌కి లెవెల్స్ కట్టే ఎడిటర్, గొడోట్‌లోకి తెచ్చుకునే ప్లగిన్లూ ఉన్నాయి. ఈ మూడూ ఉచితమే. వీటి బలమంతా ఇవి చేయనివ్వని పనుల్లో ఉంది. ట్రెంచ్‌బ్రూమ్‌లో గ్రిడ్ మీద తప్ప ఇంకోచోట కట్టాలంటే పనిగట్టుకుని స్నాప్ (గ్రిడ్‌కి అతుక్కునే ఏర్పాటు) తీసేయాలి. అక్కడ నా 2.98 గోడ పుట్టాలన్నా పుట్టదు. బ్లాక్‌బెంచ్‌లో పిక్సెళ్ల సాంద్రత అన్ని ముఖాల మీదా మొదటినుంచీ ఒకేలా ఉంటుంది. పిల్లల ఆటలా ఉంటుందని చాలామంది వదిలేస్తారు. కానీ ఘనాలతోనే వందల ఇళ్ల నగరం కట్టి, ప్రతి కిటికీలో వేరే వెలుగు పెట్టినవాళ్లు ఉన్నారు. నిజరూపం కావాలన్న పట్టుదల లేకపోతే, ఒంటరిగా పనిచేసే కొత్తవాళ్లు ఒక ప్రపంచాన్ని నిజంగా పూర్తి చేయగల దారి ఇది. ఏడాది తర్వాత సగంలో ఆగిన కోట కన్నా పూర్తయిన ఘనాల ఊరే నాకు ఇష్టం.

ఇంకో అభ్యంతరం: రెడీమేడ్ మోడల్స్ దొరుకుతుండగా ఈ కష్టమంతా ఎందుకు? వాడుకోండి. కెన్నీ, పాలీహేవెన్ లాంటి వెబ్‌సైట్లలో ఏ షరతూ లేకుండా ఇస్తారు. నేనూ వాడాను. ఒకరి పీపా, ఇంకొకరి బండి, మూడో వాళ్ల చెట్టు. మూడూ ఒకేచోట పెట్టేసరికి సైజులు కలవలేదు, రంగుల ధోరణి కలవలేదు, పివట్ ఒక్కోటీ ఒక్కోచోట. సరిచేయడానికి మళ్లీ మోడలింగ్ సాఫ్ట్‌వేరే తెరవాల్సి వచ్చింది. తెచ్చుకున్న వస్తువుని సర్దుకోవడానికైనా పనిముట్టు చేతిలో ఉండాలి.

ఫైల్ ఫార్మాట్ల గురించి రెండు మాటలు, ఎందుకంటే కొత్తవాళ్ల టెన్షన్‌లో సగం ఇక్కడే. ఎఫ్‌బీఎక్స్ ఆటోడెస్క్ అనే కంపెనీది, లోపలి వివరాలు బయటపెట్టరు. అయినా ఎక్కడ చూసినా అదే. జీఎల్‌టీఎఫ్ బహిరంగ ప్రమాణం, 2.0 వెర్షన్ 2017లో వచ్చింది. అందులో కొలత మీటర్లలోనే, పై దిక్కు వై అక్షమే అని ముందే రాసిపెట్టారు. బ్లెండర్‌లో పై దిక్కు జెడ్, యూనిటీలోనూ గొడోట్‌లోనూ వై, అన్‌రియల్‌లో మళ్లీ జెడ్. పైగా అన్‌రియల్ యూనిట్ సెంటీమీటర్. మోడల్ వెల్లకిలా పడుకుని వచ్చిందంటే, లేక వంద రెట్లు అటో ఇటో అయిందంటే, మీకు మోడలింగ్ రాలేదని కాదు. ఈ తేడాల్లో ఏదో ఒకటి సరిగ్గా మార్చబడలేదని. ఎక్స్‌పోర్ట్ సెట్టింగులు ఒకసారి కుదిరాక ప్రీసెట్‌గా దాచుకోండి, మళ్లీ వాటి జోలికి వెళ్లొద్దు.

అందుకని ఎవరైనా నన్ను ఏది వాడాలని అడిగితే పేరు చెప్పే ముందు ఒక పని ఇస్తాను. అనుకున్న సాఫ్ట్‌వేర్‌లో గుమ్మం ఉన్న 3 మీటర్ల గోడ ముక్క ఒకటి, దానికి సరిపోయే తలుపు ఒకటి చేయండి. ఏ నగిషీ వద్దు. ఇంజిన్‌లోకి తెచ్చి అలాంటివి నాలుగు పేర్చి గది కట్టండి. లోపలికి నడిచి వెనక్కి తిరిగి చూడండి. తలుపు తెరవండి. ఇంతవరకూ అందరికీ ఎలాగో ఒకలా అవుతుంది. అసలు పరీక్ష ఇప్పుడు: వెనక్కి వెళ్లి గుమ్మం ఎత్తు అరమీటర్ పెంచి, అదే పేరుతో మళ్లీ పంపండి. నాలుగు గోడలూ వాటంతటవే మారాయా? తలుపు ఇంకా బందుల దగ్గరే తిరుగుతోందా? రంగులు చెదరలేదు కదా? ఈ రెండో ప్రయాణం రెండు నిమిషాల్లో అయితే, ఆ సాఫ్ట్‌వేర్ మొదటి రోజు ఎంత భయపెట్టినా సరే, దానితోనే ఉండమంటాను. అరగంట పడితే, అది ఎంత ముద్దుగా ఉన్నా వదిలేయమంటాను. నా మట్టుకు ఈ పరీక్షలో నిలిచిన జంట గొడోట్, బ్లెండర్. గొడోట్ 4 బ్లెండర్ ఫైల్‌ని నేరుగా దిగుమతి చేసుకుంటుంది, సేవ్ చేసి ఇంజిన్ కిటికీలోకి వస్తే మార్పు అక్కడ ఉంటుంది. యూనిటీ వాడే స్నేహితుడికి ప్రోబిల్డర్‌తోనే మూడొంతులు గడిచిపోయింది.

కోట ఇప్పుడు 26 ముక్కల కిట్. లాంతరు 600 ట్రయాంగిల్స్‌కి దిగింది, తేడా కనిపెట్టినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆ మొదటి తలుపు ఫైల్ మాత్రం పారేయలేదు. తూర్పు బురుజు కింద గదిలో పుస్తకాల అర ఒకటి ఉంటుంది. మూడో అర నొక్కితే అర మొత్తం నడుము మీద గిర్రున తిరిగి, వెనక సొరంగం కనిపిస్తుంది. దానికి పివట్ మధ్యలోనే ఉండాలి.